ఫారంలో ఫాదర్, ఫోన్‌లో నాయన

పోయిన నెల సాఫ్ట్ స్కిల్స్ క్లాసులో ఒక్కొక్కరినీ లేపి ఇంగ్లీషులో పరిచయం చేసుకోమన్నారు. ఒకమ్మాయి లేచి, పేరూ ఊరూ చెప్పి, "మై డాడీ ఈజ్ ఎ ఫార్మర్" అంది. వెనక బెంచీల్లో నవ్వులు. ట్రైనర్ కూడా నవ్వి, "డాడీ చిన్నపిల్లల మాట, ఇంటర్వ్యూలో ఫాదర్ అనాలి" అని దిద్దారు. ఆ అమ్మాయి "ఫాదర్" అని మళ్ళీ చెప్పి కూర్చుంది.

లంచ్‌లో మా గుంపు రెండుగా చీలింది. ఫాదర్ అంటేనే మర్యాద అని కొందరు. ఇప్పుడు ఎవరు ఫాదర్ అంటున్నారు, అందరూ డాడ్ అనే అంటున్నారు కదా అని ఇంకొందరు. "మా వీధిలో ఫాదర్ అంటే చర్చిలో ఉండే ఫాదరే" అని ఒకరు మధ్యలో ఒక ముక్క పడేసింది. గంట కొట్టేదాకా తేలలేదు. నాకు మాత్రం ఆ దిద్దుబాటు సరైనదే అనిపించింది, దానికి చెప్పిన కారణం తప్పనిపించింది, నవ్వు అస్సలు నచ్చలేదు. ఎందుకో రాస్తాను.

ముందు ఇంగ్లీషు సంగతి. ఫాదర్ అన్నది చాలా పాత కుటుంబానికి చెందిన మాట. సంస్కృతంలో పితృ, లాటిన్‌లో పాటెర్ దాని చుట్టాలే. అక్కడి ప ఇంగ్లీషు వైపుకి వచ్చేసరికి ఫ అయింది. పాదం ఫుట్ అయినట్టే. డాడ్, డాడీ అలా పుట్టినవి కావు. 16వ శతాబ్దం నుంచీ రాతల్లో కనిపిస్తున్నాయి కానీ వాటి అసలు పుట్టిల్లు పసిపిల్లల నోరు. పళ్ళు రాని నోటికి మొదట తేలిగ్గా పలికేవి మ, ప, బ, ద, న లాంటివే. అందుకే ప్రపంచంలో ఎక్కడ చూసినా అమ్మానాన్నల పేర్లు ఒకదానికొకటి పోలి ఉంటాయి. రోమన్ యాకబ్సన్ అనే భాషాశాస్త్రజ్ఞుడు 1960లో దీనిమీద ఒక వ్యాసమే ప్రచురించాడు. పాపా, అప్ప, అబ్బ, నాన్న, డాడా అన్నీ ఆ ఉయ్యాల భాషే. జార్జియా దేశంలో అయితే నాన్నని మామ అంటారు! మన మామయ్యలు వింటే ఏమంటారో.

కాబట్టి ఫాదర్‌కి జోడీ మన తండ్రి, డాడ్‌కి జోడీ మన నాన్న. మొదటిది మనిషి గురించి చెప్పే మాట, రెండోది మనిషిని పిలిచే మాట. గౌరవం ఒకదాంట్లో, ప్రేమ ఇంకోదాంట్లో ఉన్నాయని కాదు. రెండు మాటలకీ రెండు పనులు, అంతే.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. 2021 ఏప్రిల్‌లో బ్రిటన్ రాణి భర్త ఫిలిప్ చనిపోయాడు. మర్నాడు కొడుకు చార్లెస్, అప్పటికింకా రాజు కాలేదు, టీవీ కెమెరాల ముందు నిలబడి కాసేపు మాట్లాడాడు. డెబ్బై ఏళ్ళపాటు ఆయన దేశానికి చేసిన సేవ గురించి చెప్పినప్పుడు "మై ఫాదర్" అన్నాడు. ఆయన ఎలాంటి మనిషో చెప్పాల్సి వచ్చేసరికి "పాపా" అన్నాడు. అప్పటికి ఆయన వయసు 72. రాజవంశం, ప్రపంచం మొత్తం చూస్తున్న కెమెరా, అయినా రెండు మాటలూ వాడాడు. దేని చోట అది. పాపా అన్నందుకు చిన్నపిల్లాడి మాట అని ఎవరూ దిద్దలేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కూడా పిల్లలు పుట్టినవాళ్ళు సైతం కన్నతండ్రిని డాడీ అనే అంటారు. అంటే డాడీ చిన్నపిల్లల మాట అన్నది ఇంగ్లీషులో కూడా అన్నిచోట్లా నిజం కాదు.

మన విషయంలో అయితే ఇంకో మెలిక ఉంది. డాడీ తెలుగులోకి వచ్చాక తన కులాసా వదిలేసుకుని కాలర్ గుండీ పెట్టుకుంది. ఒకసారి చెవి పెట్టి వినండి. "డాడీ ఇంకా రాలేదు" అని ఎవరూ ఊరుకోరు. "డాడీ ఇంకా రాలేదండి", "డాడీ వచ్చారు", "డాడీ గారు ఉన్నారా?" అంటారు. అదే ఇంట్లో ఇదివరకటి తరం "నాయన వచ్చినాడు", "నాయనా, నువ్వు తిన్యావా?" అని ఉంటుంది. నాయనకు నువ్వు, డాడీకి మీరు. ఇంగ్లీషులో దగ్గరితనం చూపించే మాట మన దగ్గరికొచ్చి దూరం చూపించే మాట అయింది!

ఇలా ఎందుకు అయిందంటే, నాకు తోచింది ఇది. ఇంగ్లీషులో నువ్వుకీ మీరుకీ ఒకటే యూ. వచ్చాడుకీ వచ్చారుకీ ఒకటే కేమ్. దగ్గరా దూరమా అన్నది చెప్పడానికి వాళ్ళకి మిగిలింది పిలుపు ఒక్కటే, అందుకే ఫాదర్, డాడ్, డాడీ అని మెట్లు కట్టుకున్నారు. మనకి ఆ మెట్లు క్రియ చివర ఉన్నాయి. వచ్చాడు, వచ్చారు, వచ్చినాడు, వచ్చిండు. పిలుపుతో పని లేకుండానే దూరం కొలవొచ్చు. అలాంటి భాషలోకి డాడీ వచ్చినప్పుడు దాని ఇంగ్లీషు మెట్టు అక్కడే ఉండిపోయింది, కాన్వెంటు హోదా మాత్రం దానితో పాటు వచ్చింది. 2001లో చిరంజీవి సినిమాకి డాడీ అని పేరు పెట్టినప్పుడు ఎవరికీ వింతగా అనిపించి ఉండదు. అప్పటికే అది తెలుగు మాట.

ఇప్పుడు సాఫ్ట్ స్కిల్స్ క్లాసులో ఆ అమ్మాయి మాట మళ్ళీ చూడండి. ఆమె ఇంగ్లీషు వాక్యంలో ఒక తెలుగు మాట వాడింది. దాని అర్థం ఆమె దృష్టిలో నాన్నగారు. ఆ మాట ఆ చోట కుదరదు, ఇంటర్వ్యూలో ఫాదర్ అనడమే పద్ధతి, అది నేర్పించాల్సిందే. కానీ ఆమె పసిపిల్లలా మాట్లాడలేదు. మర్యాద ఎక్కువ చేయబోయిన మనిషిని చూసి మనం నవ్వాం.

మన సొంత మాటల దగ్గరికి వద్దాం, అసలు గొడవ ఇక్కడే ఉంది.

యలహంక జంక్షన్‌లో హిందూపురం వైపు రైలు కోసం నిలబడినవాళ్ళ ఫోన్ మాటలు వింటే చాలు, నాన్నకి ఎన్ని పేర్లున్నాయో తెలుస్తుంది. నాయనా, అప్పా, అయ్యా, నాన్నా, డాడీ. కన్నడంలో తందె అంటే తండ్రే, తమిళంలో తందై కూడా అదే, ముగ్గురూ అక్కచెల్లెళ్ళు. కాలేజీ అప్లికేషన్‌లో కన్నడంలో "తందెయ హెసరు" అని ఉంటుంది. కానీ ఏ కన్నడ ఇంట్లోనూ "తందే, ఊట మాడిదియా" అని అడగరు, అప్పా అనే అడుగుతారు. మనమూ అంతే. "తండ్రీ, టీ తాగుతావా" అని కన్నతండ్రిని ఎవరైనా అడిగితే నాటకం రిహార్సల్ అనుకుంటాం. తండ్రీ అని మనం పిలిచేది ఇద్దర్నే. ఒకరు దేవుడు, ఇంకొకరు అన్నం తినకుండా మారాం చేస్తున్న చిన్నపిల్లాడు. "నా తండ్రి కదూ, ఒక్క ముద్ద."

ఇది ఇంగ్లీషులో లేని అందం. మన దగ్గర నాన్న అటూ ఇటూ పోతుంది. పిల్లలు తండ్రిని నాన్నా అంటారు, తండ్రి పిల్లల్ని నాన్నా అంటాడు. బస్సులో కండక్టర్ కూడా "ముందుకి జరుగు నాన్నా" అంటాడు. పాత సంస్కృతంలో కూడా ఇది ఉంది. తాత అంటే అక్కడ తండ్రి, కానీ భగవద్గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుణ్ణి తాత అని పిలుస్తాడు. తాతగారూ అని కాదు, నాయనా అని. మన పెద్దవాళ్ళు "ఏం నాయనా, బాగున్నావా" అన్నట్టే. ఏ ఇంగ్లీషు తండ్రీ కొడుకుని డాడ్ అని పిలవడు.

తెలుగు బైబిల్ చూడండి. మార్కు సువార్త 14వ అధ్యాయంలో యేసు ప్రార్థన చేసే చోట మూలంలో అబ్బా అనే అరామిక్ మాట ఉంది. అంటే ఇంట్లో పిలిచే పిలుపు. పక్కనే దానికి గ్రీకులో తండ్రి అనే మాట. తెలుగులోకి తెచ్చినవాళ్ళు అక్కడ నాయన, తండ్రి రెండు మాటలూ పక్కపక్కన పెట్టారు. దేవుడితో మాట్లాడే చోటికి నాయన పనికొచ్చింది. మన వ్యాసరచన పోటీకి మాత్రం పనికి రావడం లేదు.

అవును, నేను రాయాలనుకున్నది ఇదే. మన గోడపత్రికలో పోయిన ఏడాది ఫాదర్స్ డే పేజీ పెట్టాం గుర్తుందా? నాన్న మీద రాయమంటే చాలామంది రాశారు. అందులో సగం మంది నాకు తెలుసు, ఇంట్లో ఏమని పిలుస్తారో కూడా తెలుసు. పావగడ నుంచి వచ్చే అమ్మాయి నాయన అంటుంది. కరీంనగర్ వాళ్ళ ఇంట్లో బాపు. కొందరిళ్ళలో అప్ప. కాగితం మీదికి వచ్చేసరికి అందరూ "మా తండ్రిగారు", "మా నాన్నగారు". మనుషులందరూ ఒకే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చినట్టు ఉంది పేజీ. "మా తండ్రిగారు నన్ను కంటికి రెప్పలా చూసుకున్నారు" అని రాసిన అమ్మాయి, అదే రోజు సాయంత్రం బస్టాప్‌లో "మా నాయన పొద్దున మూడింటికే లేచి కరెంటు వచ్చిందా లేదా అని మోటారు దగ్గరికి పోతాడు, వచ్చి నాకు టీ పెట్టి లేపుతాడు" అని చెప్పింది. ఆ రెండో వాక్యం పేజీలో లేదు. నాయన అన్న మాట తీసేస్తే మోటారు, టీ కూడా దానితో పాటే పోయాయి. తండ్రిగారు టీ పెట్టరు కదా! కంటికి రెప్పలా చూసుకుంటారు.

అడిగితే ఏమంటుంది? "నాయన అంటే పల్లెటూరిలా ఉంటుంది." మేడమ్‌లు కొట్టేస్తారని కూడా అనింది. నిజానికి మేడమ్‌ల ఎర్ర పెన్ను కన్నా మన లోపలి ఎర్ర పెన్నే ముందు పని చేస్తోందని నా అనుమానం. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు చేస్తాం. జనం మాట్లాడే మాటే రాతలో ఉండాలని ఆయన అంత పోరాడారు అని ప్రసంగాలు ఇస్తాం, బహుమతులు ఇస్తాం. మర్నాడు నాయన అని రాయడానికి సిగ్గుపడతాం. జనం మాట అంటే గోదావరి జిల్లా జనం మాట ఒక్కటే కాదు కదా. నాన్న కూడా ఎవరింట్లోనో మాట్లాడే మాటే, పుస్తకాలకీ సినిమాలకీ ముందు ఎక్కింది కాబట్టి మంచి మాట అయి కూర్చుంది.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. అమ్మ వైపు కన్నడం, నాయన వైపు తెలుగు. అమ్మ నాతో ఆయన గురించి చెప్పినప్పుడు "నిమ్మప్ప" అంటుంది. నేను అమ్మతో అప్ప అంటాను, ఆయనతో నాయనా అంటాను. అమ్మ మాత్రం వాళ్ళ నాన్నని అణ్ణ అని పిలిచేది. పాత మైసూరు వైపు కొన్ని ఇళ్ళల్లో అదొక అలవాటు, ఉమ్మడి కుటుంబంలో చిన్నత్తలూ చిన్నాన్నలూ అణ్ణ అంటుంటే పిల్లలకీ అదే అంటుకునేదట. ఒకే ఇంట్లో ఒకే చుట్టరికానికి ఇన్ని పిలుపులు. ఏది ఎక్కువ మర్యాద అని ఎవరూ ఎప్పుడూ పంచాయితీ పెట్టలేదు. మూడోది, ఫాదర్, కాలేజీ ఫారాలతో ఇంట్లోకి వచ్చింది. దానికీ ఒక చోటు ఉంది.

"పెద్దాయన్ని పట్టుకుని వచ్చినాడు, తిన్నాడు అంటే మర్యాదేనా?" అని నా పక్క బెంచి అమ్మాయి అడిగింది. వాళ్ళింట్లో నాన్నగారు, మీరు. వాళ్ళ పద్ధతి వాళ్ళది, బాగుంది. కానీ అదే అమ్మాయి "అమ్మ వచ్చింది, అమ్మ తినింది" అంటుంది. అమ్మకి ఏకవచనం వాడితే మర్యాద తగ్గలేదు, నాన్నకి వాడితే తగ్గిందా? అమ్మగారు వచ్చారు అని ఇంట్లో అమ్మని అనం, పనికి వెళ్ళే ఇంటావిడని అంటాం. మొత్తం ఆడపిల్లలం చదివే కాలేజీలో ఈ ప్రశ్న నేను ఒక్కదాన్నే అడగాల్సి రావడం కొంచెం ఆశ్చర్యమే.

ఇంకొకరి వాదన, ఇంగ్లీషులో రాసేటప్పుడు నాయన అంటే ఎవరికి అర్థమవుతుంది అని. నెహ్రూ పుస్తకం గుర్తు చేసుకోండి. 1928లో పదేళ్ళ ఇందిర ముస్సోరీలో ఉన్నప్పుడు ఆయన రాసిన ఉత్తరాలు మర్నాటి ఏడాది పుస్తకంగా వచ్చాయి, లెటర్స్ ఫ్రమ్ ఎ ఫాదర్ టు హిజ్ డాటర్ అని. అట్ట మీద ఫాదర్. అదే ఇందిర ఆయనకి ఇంగ్లీషులో రాసిన ఉత్తరాల్లో పాపు అని పిలుస్తుంది. ఎవరికీ అర్థం కాకుండా పోలేదు. 2023లో వచ్చిన హాయ్ నాన్న సినిమాకి హిందీలో హాయ్ పాపా అని పెట్టారు, హాయ్ పితాజీ అని పెట్టలేదు. పిలుపుకి పిలుపే జోడీ అని సినిమావాళ్ళకి కూడా తెలుసు.

నేను ఫాదర్‌కి వ్యతిరేకిని అనుకోవద్దు. ఫారంలో ఆ మాట ఉండటమే మంచిది. అది మనల్ని ఏమీ అడగదు. ప్రేమ ఉందా, ఇంటికి వస్తాడా, తాగుతాడా, బతికున్నాడా, ఏదీ అడగదు. పేరు రాయమంటుంది, అంతే. ఆ పేరు రాయడం కూడా కష్టమయ్యే ఇళ్ళు ఉన్నాయి. 2016 డిసెంబర్‌లో వచ్చిన మార్పుతో పాస్‌పోర్ట్ అప్లికేషన్‌లో తల్లి, తండ్రి, గార్డియన్, వీళ్ళలో ఒక్కరి పేరు ఇస్తే సరిపోతుంది. 2018 డిసెంబర్ 5 నుంచి, తల్లి ఒక్కతే ఉన్నవాళ్ళు పాన్ కార్డు అప్లికేషన్‌లో తండ్రి పేరు తప్పనిసరిగా రాయక్కర్లేదు. మన ఆఫీసు కౌంటర్ల దగ్గర ఇంకా "ఫాదర్ నేమ్ ఎక్కడమ్మా?" అని గట్టిగా అడుగుతూనే ఉంటారు. కనీసం అక్కడ "మీ నాన్న ఏడీ?" అని అడగనందుకు సంతోషం. కాగితం మాట కాగితంలా చల్లగా ఉండటం ఒక్కోసారి దయ.

ఇంకొకటి గమనించారా? తెలుగువాళ్ళం ఎంత తెలుగులో మాట్లాడుతున్నా, చావు మాట దగ్గర ఇంగ్లీషులోకి జారుకుంటాం. "వాళ్ళ ఫాదర్ ఎక్స్‌పైర్ అయ్యారు" అంటాం. "వాళ్ళ నాన్న చచ్చిపోయాడు" అనడానికి నోరు రాదు. నా స్నేహితురాలు ఒకరు వాళ్ళ నాన్న గురించి ఎప్పుడూ ఫాదర్ అనే అంటుంది. ఇంటర్ చదివేటప్పుడు పోయారు. ఫాదర్ అంటే స్టైల్ కోసం అని క్లాసులో కొందరు అనుకున్నారు. ఒకసారి అడిగితే చెప్పింది, "నాన్న అంటే పిలిచినట్టుంటుందే. ఫాదర్ అంటే చెప్పినట్టుంటుంది."

అప్పటినుంచి ఎవరు ఫాదర్ అన్నా, డాడీ అన్నా నాకు నవ్వు రాదు. ఎవరి మాట వెనక ఏముందో మనకేం తెలుసు. దిద్దాల్సి వస్తే పక్కకి పిలిచి, ఇంటర్వ్యూలో ఇలా అను అని చెప్తే సరిపోతుంది.

ఈ జూన్‌లో ఫాదర్స్ డే పేజీ మళ్ళీ ఉంటుంది. మూడో ఆదివారం కదా, అంతకుముందు శుక్రవారంలోపు ఇచ్చేయండి. ఈసారి కాగితాలు చూసేది నేనూ ఫైనల్ ఇయర్ అక్కా. నాయన, అప్ప, అయ్య, బాపు, అబ్బ, డాడీ, ఫాదర్, ఏది రాసినా కొట్టెయ్యం. మేడమ్‌ని కూడా అడిగాం, సరే అన్నారు. వచ్చినాడు, వచ్చిండు, వచ్చారు కూడా మీ ఇష్టం. "కంటికి రెప్పలా" మాత్రం పేజీకి ఒక్కసారే వేస్తాం, ముందు ఇచ్చినవాళ్ళది. నాయనా నాయినా అన్నది ఎవరికి వాళ్ళు ఇంట్లో అడిగి రాయండి.